జర్మన్ బీర్ మగ్గులు: దాచుకుంటే రేటు వస్తుందా?

నల్లకుంట_రవి:
మ్యూనిఖ్‌లో ఉండే మా బావమరిది ఈసారి సెలవులకి మూతున్న పింగాణీ బీర్ మగ్గు తెచ్చాడు. చుట్టూ కోటలు, వేటగాళ్ళ బొమ్మలు. ఇరవై ఏళ్ళు దాస్తే మంచి రేటు పలుకుతుందంటాడు. నాకు నమ్మకం లేదు. మీరేమంటారు?

పాతసామాన్ల_పిచ్చి:
మీ అనుమానమే కరెక్టండి. అవి టూరిస్టుల కోసం కుప్పలుగా అచ్చుపోసినవి. అడిగి మరీ కొనేవి వేరు. 19వ శతాబ్దం చివర్లో మెట్లాఖ్ ఊళ్ళో విల్లెరాయ్ అండ్ బోఖ్ ఫ్యాక్టరీ చేసినవి చూడండి. అడుగున ముద్ర, అచ్చు నంబరు ఉంటాయి. బొమ్మ చుట్టూ చెక్కిన నల్ల గీత వేలికి తగులుతుంది.

స్టుట్‌గార్ట్_సుధ:
ప్రతిదీ రేటుతోనే చూడాలా గురూ? మ్యూనిఖ్ బీరు పండగ అక్టోబర్‌ఫెస్ట్‌కి 1978 నుంచి ఏటా ఒక అధికారిక మగ్గు వస్తోంది. నా దగ్గర ఐదున్నాయి, నేను వెళ్ళిన ఏళ్ళవే. అక్కడ బీరు పోసేది లీటరు గాజు మగ్గుల్లో. వాటిని బ్యాగులో వేసుకుంటే గేటు దగ్గర పట్టేసుకుంటారు. అందుకే ఇవి కొనుక్కుంటాం. అన్నట్టు, ఇంగ్లీషులో వీటిని స్టైన్ అంటారు గానీ జర్మన్లు అలా అనరు, క్రూగ్ అంటారు. జర్మన్‌లో స్టైన్ అంటే రాయి.

పాతసామాన్ల_పిచ్చి:
జ్ఞాపకం అంటే నాకు పేచీ లేదు. పెట్టుబడి అంటేనే పేచీ. అమెరికాలో బడ్‌వైజర్ వాళ్ళు 1980 నుంచి ఏటా పండగ మగ్గులు వదిలారు. జనం అట్టపెట్టె కూడా విప్పకుండా దాచారు. అందరూ దాచారు కాబట్టే వాటిలో చాలావాటికి ఇప్పుడు గిరాకీ లేదు.

పాతవాటిలోనూ మోసముంది. జర్మనీని కైజర్ చక్రవర్తులు ఏలిన కాలంలో సైన్యం నుంచి ఇంటికెళ్ళే కుర్రాళ్ళు తమ పేరు, రెజిమెంటు, సంవత్సరాలు రాయించుకుని మగ్గులు కొనుక్కునేవాళ్ళు. చాలావాటి అడుగున పల్చటి పింగాణీ బిళ్ళ ఉంటుంది, వెలుతురుకి పెడితే అందులో బొమ్మ కనబడుతుంది. అక్కడ బట్టల్లేని అమ్మాయి కనబడిందంటే దాదాపు నకిలీయే.

గోదారి_గాలి:
ఇంతకీ వాటిలో తాగొచ్చా?

పాతసామాన్ల_పిచ్చి:
పాతవాటిలో వద్దు. మూత లోహంలో సీసం ఉండొచ్చు.

నల్లకుంట_రవి:
ఇప్పుడే సెల్ టార్చి వేసి చూశా. అమ్మాయీ లేదు, బొమ్మా లేదు. డిష్‌వాషర్‌లో పెట్టకండి అని స్టిక్కరుంది. వాళ్ళ తమ్ముణ్ణి ఏమీ అననివ్వని మా ఆవిడ మాత్రం, మూత ఉంది కదాని అప్పుడే అందులో చిల్లర వేస్తోంది.