మహీంద్రా ఎంఎం 540 జీపు ముందర చక్రం బేరింగులు ఇంటికాడే మార్చాలంటే నట్టు ఎంత బిగించాలి?

చంద్రగిరి_జీపు:
ఫోర్ వీల్ బండి, ముందర లాకింగ్ హబ్బులు (ముందర చక్రాన్ని యాక్సిల్‌కు కలిపేవి, విడదీసేవి). స్వర్ణముఖి ఇసుకలో, వానాకాలం నీళ్ళలో బాగా దిగుతుంది. 40 దాటితే ఎడమ ముందర చక్రం గొరగొరమంటోంది. జాకీ ఎత్తి పైనా కిందా పట్టుకొని ఊపితే ఆట (వదులు) తెలుస్తోంది. లోపలి, బయటి బేరింగులు, సీలు తెచ్చి పెట్టినా. పాత రేసులు (హబ్బులో దిగే బేరింగు బయటి రింగులు) ఉంచొచ్చా?

రేణిగుంట_స్పానర్:
అన్నా, విప్పక ముందు ఒక పని చెయ్యి. ఇంకొకరిని బ్రేకు తొక్కి పట్టుకోమని మళ్ళీ ఊపు. ఆట పోతే వీల్ బేరింగే. బ్రేకు తొక్కినా ఊగుతుంటే కింగ్ పిన్ (చక్రం పక్కకు తిరిగే కీలు) చూసుకోవాల, హబ్బు విప్పి లాభంల్యా.

రేసులు కచ్చితంగా మార్చాల. పాత రేసులో అరిగిన దారి ఉంటాది, కొత్త రోలర్లు దాంట్లో పడితే తొందర్లోనే మళ్ళీ సౌండు మొదలు. ఇత్తడి కడ్డీతో ఒకసారి ఈ పక్క, ఒకసారి ఆ పక్క కొట్టి దించు. ఒకే పక్క కొడితే వంకరగా ఇరుక్కుంటాది. కొత్తది ఎక్కించేటప్పుడు పాత రేసు బయటి అంచును గ్రైండరుతో కొంచెం తగ్గించి, దాన్ని మీద పెట్టి కొట్టు. రేసు అడుగుకు తగిలినాక సుత్తి సౌండు మారి గట్టిగా పలుకుతాది. వెడల్పు నోరు ఏ రేసుకైనా హబ్బు నడిమికి కాదు, ఆ రేసు ఉండే పక్క హబ్బు అంచు వైపుకే.

పాత సీజే జీపుల పద్ధతి ఇది: హబ్బు తిప్పుతానే లోపలి నట్టు 50 అడుగు పౌన్లు (68 న్యూటన్ మీటర్లు) బిగించి, ఆరో వంతు చుట్టు వెనక్కి తిప్పాల. లాక్ వాషర్ పెట్టి బయటి నట్టు కూడా 50కే. మీ మాన్యువల్లో వేరే అంకె ఉంటే అదే లెక్క. బయటి నట్టు బిగిస్తే లోపలి నట్టు కొంచెం ముందుకు నొక్కుకుంటాది, అందుకే ఆట చివర్లో మళ్ళీ చూడు. ఉలి పెట్టి సుత్తితో నట్టు తిప్పొద్దు. పెద్ద బాక్సు స్పానర్ ఎవురిదగ్గరైనా అడుక్కో.

పాకాల_4బై4:
నీళ్ళ సంగతి వదిలేసినారు. వేడెక్కిన హబ్బు చల్లటి నీళ్ళలో దిగితే లోపలి గాలి కుంచించుకుపోయి సీలు పక్కనుంచి నీళ్ళు లాగుతుంది. విప్పినప్పుడు గ్రీజు పాలరంగుకు తిరిగి ఉంటే కారణం అదే. సీలు పెదవి హబ్బు లోపలికి, బేరింగు వైపుకే ఉండాల, కూర్చోబెట్టే ముందు దానికి గ్రీజు పూయి.

గ్రీజు లిథియం కాంప్లెక్స్, 2వ నంబరు. ఛాసిస్ గ్రీజు వద్దు, పాతది కిరసనాయిల్లో కడిగి పూర్తిగా ఆరబెట్టు, రెండు రకాలు కలపొద్దు. అరచేతిలో గ్రీజు వేసుకొని బేరింగు వెడల్పు వైపు నుంచి నొక్కు. సన్నవైపు నుంచి బయటికొచ్చేదాకా నొక్కాల. హబ్బు బోలు నిండా కూరొద్దు, వేడెక్కి బ్రేకు లైనింగు మీదికి వస్తాది.

చంద్రగిరి_జీపు:
విప్పినా. స్పిండిల్ (హబ్బు తిరిగే ఇరుసు) మీద లోపలి బేరింగు కూర్చునే చోట సన్న గీతలున్నాయి. స్పిండిల్ పోయినట్టేనా?

రేణిగుంట_స్పానర్:
బేరింగు అక్కడ చేత్తో ఎక్కేంత వదులుగానే ఉంటాది, కొంచెం తిరిగి గీతలు పడతాయి. గోరు ఆడించి చూడు. తగలకపోతే 400 నంబరు ఎమెరీ పేపరుతో చుట్టూ రుద్ది గ్రీజు రాస్తే చాలు. గోరు ఆగేంత మెట్టు ఉన్నా, నీలిరంగు తిరిగినా స్పిండిల్ మార్చు.

పాకాల_4బై4:
బిగించినాక ఒక పది కిలోమీటర్లు తోలి, బ్రేకు ఎక్కువ కొట్టకుండా ఆపి రెండు హబ్బులూ తాకి చూడు. కుడిదానికన్నా ఎడమది బాగా వేడిగా ఉంటే నట్టు బిగువు ఎక్కువైనట్టు, అప్పుడే విప్పి సర్దు. 500 కిలోమీటర్లకు జాకీ ఎత్తి ఆట ఇంకోసారి చూడాల.