నూజివీడు ట్రిపుల్ ఐటీలో చదివినవాళ్లు కాస్త చెప్పండి

మా అక్క కూతురు జిల్లా పరిషత్ హైస్కూల్లో పది పాసై నూజివీడు ట్రిపుల్ ఐటీలో సీటు తెచ్చుకుంది. అక్క మిరప కోతలకు వెళ్తుంది, ఇంట్లో టేబుల్ కూడా లేదు, ఈ పిల్ల పాత క్యాలెండర్ కాగితాల వెనక లెక్కలు చేసుకుంటూనే ఇంతదాకా వచ్చింది. రెండేళ్లు పీయూసీ (ఇంటర్ లాంటిది), నాలుగేళ్లు బీటెక్, హాస్టల్లోనే ఉండాలని తెలుసు. 2008లో పల్లెటూరి పిల్లల కోసమే పెట్టారు, భయం లేదంటున్నారు అందరూ.

నా టెన్షన్ వేరే. తెలుగులోనే చదివిన పిల్ల, పాఠాలన్నీ ఇంగ్లిష్‌లో మొదలవగానే బెదిరిపోతుందేమో. మొదటి సెమిస్టర్ మీరెలా నెట్టుకొచ్చారు? సీనియర్లు సాయం చేస్తారా? చేరేలోపు ఈ నెలరోజులు ఏం చదివించమంటారు? చేరేటప్పుడు చేతినుంచి ఎంత కట్టాలో కూడా చెప్పండి, అప్పు తేవాలంటే ఇప్పుడే చూసుకోవాలి.