హౌస్ ఆఫ్ ది డెడ్ 2: రెండో గన్ గురి అందట్లేదు, ఏం మార్చాలి?

భీమవరంలో ఉన్న ఆర్కేడ్ మెషీన్ అండి (గన్‌తో తెర మీది జాంబీలని కాల్చే ఆట). సెగా వాళ్ల 1998 గేమ్, నయోమి బోర్డు (గేమ్‌ని నడిపే సర్క్యూట్ బోర్డు), పిక్చర్ ట్యూబ్ మానిటర్. రెండో గన్‌తో జాంబీని ఎదురుగా కాల్చినా తగలట్లేదు, తూటాలు మాత్రం మళ్లీ ఆరుకి నిండిపోతున్నాయి. అంటే ట్రిగ్గర్ బాగానే ఉంది. తెర వెలుతురు గన్‌లోని సెన్సార్‌కి అందక, బయటికి కాల్చి రీలోడ్ చేశామని గేమ్ అనుకుంటోంది.

గన్‌ల కనెక్టర్లు అటూ ఇటూ మార్చితే లోపం గన్‌తోపాటే వెళ్లింది, కాబట్టి బోర్డు మీద అనుమానం లేదు. సెన్సార్ దగ్గర 5 వోల్టులు వస్తున్నాయి. పిడి దగ్గర వైరు వంచుతూ మల్టీమీటర్‌తో చూస్తే ఎక్కడా తెగలేదు. లెన్స్ లోపలివైపు బూజు పట్టింది (మన డెల్టా తేమకి మామూలే). ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, టెస్ట్ మెనూలో గన్ సెట్టింగ్ మళ్లీ చేశాక తెర మధ్యలో తగులుతోంది, మూలల్లో ససేమిరా. బ్రైట్‌నెస్ పెంచితే మూలల్లోనూ కొంచెం నయం.

ఫొటోడయోడ్ (సెన్సార్‌లో వెలుతురుని పసిగట్టే భాగం) నీరసించిందంటారా? వేగంగా స్పందించే మామూలు ఫొటోడయోడ్ వేస్తే సరిపోతుందా, సెన్సార్ బోర్డు మొత్తం మార్చాలా? కాకినాడ, రాజమండ్రిలో ఎక్కడ దొరుకుతుంది?

ఎల్‌సీడీ పెట్టమని మాత్రం చెప్పకండి. గీత గీతగా తిరిగే కిరణం లేని తెర మీద ఈ గన్ పనే చెయ్యదు.