కీపర్‌ని తాకితే చాలు, ఫౌలేనా?

తొమ్మిదో నంబర్, విజయనగరం
నిన్నటి ఫుట్‌బాల్ మ్యాచ్‌లో కార్నర్ కిక్ నేరుగా చిన్న బాక్స్‌లోకి, అంటే గోల్ ముందున్న చిన్న గీతల పెట్టెలోకి దిగింది. కీపర్, నేను ఒకేసారి ఎగిరాం. భుజాలు రాసుకున్నాయి. బంతి అతని వేళ్లకు తగిలి జారితే మావాడు గోల్ కొట్టాడు. రెఫరీ అప్పటికే విజిల్ వేసేశాడు. అడిగితే, "చిన్న బాక్స్‌లో కీపర్ జోలికి వెళ్లకూడదు" అన్నాడు. ఆ రూల్ ఎక్కడుందో ఎవరైనా చెప్పండి.

గ్లవ్స్, ఆమదాలవలస
రూల్ సంగతి తర్వాత బావా. చేతులు పైకెత్తి గాల్లో ఉన్నవాడికి పక్కటెముకల దగ్గర అడ్డేమీ ఉండదు. మన గ్రౌండ్లలో గడ్డి ఎక్కడుంది? గట్టి నేల మీద నడుము పడితే ఎలా ఉంటుందో ఏ కీపర్‌నైనా అడుగు. 1958లో ఇంగ్లండ్ ఎఫ్.ఏ. కప్ ఫైనల్లో నాట్ లాఫ్ట్‌హౌస్ ఎదుటి జట్టు కీపర్ హ్యారీ గ్రెగ్‌ని గుద్ది, బంతితో సహా లైను దాటిస్తే గోల్ ఇచ్చారు. ఆ రోజులు మళ్లీ రావాలా? అనుమానం ఉంటే కీపర్ వైపే ఉండాలి.

పాత రెఫరీ, శ్రీకాకుళం
తమ్ముడూ, చిన్న బాక్స్‌లో కీపర్‌కి ప్రత్యేక రక్షణ అన్నది ఇప్పటి రూల్ పుస్తకంలో లేదు. ఫౌల్స్ గురించిన పన్నెండో లా చెప్పేది, బంతి కీపర్ చేతుల అదుపులో ఉంటే ఎవరూ ఛాలెంజ్ చేయకూడదని. రెండు చేతుల మధ్య పట్టినా, అరచేత్తో నేలకి నొక్కినా, చాచిన అరచేతిలో ఉన్నా, నేలకి కొట్టి పట్టుకుంటున్నా అదుపులో ఉన్నట్టే. నేలకి నొక్కిన బంతిని కాలితో గెలకడం తప్పు. గోల్ పడకుండా ఆపేటప్పుడు (సేవ్) చేతికి తగిలినా, కీపర్‌కి తగిలి ఎగిరిపోయినా ఆ రక్షణ రాదు.

మీ బంతి వేళ్లకు తగిలి జారింది కాబట్టి అక్కడ చూడాల్సింది మీ ఎగురుడే. కళ్లు బంతి మీద ఉన్నాయా? నిట్టనిలువుగా ఎగిరారా, అతని మీదికి దూకారా? మోచెయ్యి ఎక్కడుంది? ముందే అక్కడ నిలబడి ఉంటే తప్పు లేదు, ఆ చోటు మీద ఆటగాడికి హక్కుంది. కీపర్ దారిలోకి జరిగి ఒంటితో ఆపితే మాత్రం డైరెక్ట్ ఫ్రీ కిక్కే. 2004 యూరో కప్‌లో పోర్చుగల్ మీద ఆఖరి నిమిషాల్లో ఇంగ్లండ్ ఆటగాడు సోల్ క్యాంప్‌బెల్ గోల్‌ని రెఫరీ ఉర్స్ మేయర్ రద్దు చేసింది, అతని జట్టువాడు జాన్ టెర్రీ పోర్చుగల్ కీపర్ రికార్డోని అడ్డుకున్నాడనే.

తొమ్మిదో నంబర్, విజయనగరం
మరి కీపర్ వచ్చి మమ్మల్ని గుద్దితే? అప్పుడు విజిల్ ఎందుకు వినిపించదు మాస్టారూ?

పాత రెఫరీ, శ్రీకాకుళం
వినిపించాలి. 1982 ప్రపంచ కప్ సెమీఫైనల్లో పశ్చిమ జర్మనీ కీపర్ షూమాకర్ గుద్దుడికి ఫ్రాన్స్ ఆటగాడు బాటిస్టన్ స్పృహ తప్పాడు, పళ్లు ఊడాయి. రెఫరీ ఫౌల్ కూడా ఇవ్వలేదు, గోల్ కిక్ ఇచ్చాడు! ఆ మ్యాచ్ తలచుకుంటే ఇప్పటికీ నాకు కోపమే. బంతి మొదట తాకాను అన్నది కీపర్‌కీ సాకు కాదు. అజాగ్రత్త అయితే ఫౌల్, ఎదుటివాడికి ప్రమాదమని పట్టించుకోకపోతే పసుపు కార్డు, మితిమీరిన బలం వాడితే ఎరుపు. ఇద్దరికీ అదే కొలత.

మన దగ్గర వీఏఆర్ (వీడియో చూసి నిర్ణయం సరిచూసే పద్ధతి) లేదు. విజిల్ పడ్డాక వచ్చిన గోల్‌ని ఎవరూ తిరిగి ఇవ్వలేరు. అందుకే కీపర్ కింద పడగానే విజిల్ నోట్లో పెట్టుకోవడాన్ని నేను ఒప్పుకోను.

గ్లవ్స్, ఆమదాలవలస
మీరు ఆగిన ఆ ఒక్క క్షణంలో కింద పడ్డవాడి తలకి బూటు తగిలితే?

పాత రెఫరీ, శ్రీకాకుళం
తలకి దెబ్బంటే ఆగను, వెంటనే ఆట ఆపేస్తాను. అప్పుడు బంతి మీ పెనాల్టీ ఏరియాలో (పెద్ద బాక్స్‌లో) ఉంటే డ్రాప్ బాల్, అంటే ఆట మళ్లీ మొదలుపెట్టడానికి రెఫరీ జారవిడిచే బంతి, నీకే వస్తుంది. చికిత్స కోసం కీపర్ బయటికి వెళ్లక్కర్లేదు కూడా. ఇన్ని ఉండగా లేని ఫౌల్ ఎందుకు?