యూఎక్స్ నేర్చుకోవడం: ఫిగ్మా వాడటం వచ్చింది, తర్వాత ఏం చేయాలి?

ప్రశ్న (హనుమకొండ డెవలపర్):

నేను మూడేళ్లుగా జావాలో బ్యాకెండ్ పని చేస్తున్నాను. యూఎక్స్ (యాప్ వాడేవారి అనుభవాన్ని తీర్చిదిద్దే పని) వైపు మారాలనే ఉద్దేశంతో ఒక శిక్షణ సంస్థలో రెండు నెలల కోర్సు చేశాను. తెరలు గీసే సాఫ్ట్‌వేర్ ఫిగ్మాలో కాంపోనెంట్లు, ఆటో లేఅవుట్, ప్రోటోటైప్ లింకులు బాగానే వచ్చాయి గానీ, ఆ రెండు నెలల్లో ఒక్క వినియోగదారుణ్నైనా కలిసింది లేదు. పర్సోనా (మచ్చుకు ఒక వినియోగదారుడి వివరాలు) రాయమంటే గదిలో కూర్చుని ‘45 ఏళ్ల రైతు, పదో తరగతి, స్మార్ట్‌ఫోన్ ఉంది’ అని ఊహించి రాశాం.

మా నాన్నగారు ఏటా వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి తీసుకెళ్తారు కాబట్టి, అభ్యాసం కోసం ధరలు చూపించే యాప్ ఒకటి గీశాను. స్నేహితులందరూ బాగుందన్నారు. నాన్నగారు మాత్రం ఒక నిమిషం అటూ ఇటూ చూసి, “నువ్వే చెప్పు, ఎంత పలికింది?” అని ఫోన్ తిరిగి ఇచ్చేశారు. లోపం ఎక్కడుందో కనిపెట్టే పద్ధతి ఏమిటి?

జవాబు 1 (నర్సంపేట, ఇంటరాక్షన్ డిజైనర్):

ఆ ఒక్క నిమిషంలో ఆయన వేలు ఎక్కడికి వెళ్లింది, ఏ మాట దగ్గర చూపు ఆగింది అన్నది మీరు రాసుకుని ఉంటే సగం జవాబు మీ దగ్గరే ఉండేది.

జాన్ గూల్డ్, క్లేటన్ లూయిస్ అనే పరిశోధకులు 1985లోనే మూడు సూత్రాలు చెప్పారు: మొదటి నుంచే వినియోగదారుల మీద, వారు చేసే పనుల మీద దృష్టి పెట్టడం, నమూనాను వారి చేతికిచ్చి ఫలితాన్ని కొలవడం, దిద్ది మళ్లీ పరీక్షించడం. మీ కోర్సులో ఈ మూడూ లేవు, గీయడం ఒక్కటే ఉంది.

కొన్నేళ్ల కిందట మేమూ ఇలాంటి నమూనానే కాగితం మీద పెన్సిల్‌తో గీసి, మార్కెట్ యార్డులో ఒక పెద్దాయనకు చూపించాం. ‘పరిమాణం’ అని ఉన్న గడిలో ఆయన 32 వేయమన్నారు. మేం క్వింటాళ్లనుకున్నాం, ఆయన చెప్పింది బస్తాలు. బస్తాకు 40 కిలోల లెక్కన చూసినా అది 13 క్వింటాళ్లకు చేరదు. ‘పరిమాణం’ కొట్టేసి ‘ఎన్ని బస్తాలు?’ అని రాసి, బస్తా బరువు విడిగా అడిగి, క్వింటాళ్ల లెక్క యాప్‌కే వదిలేశాక ఆ తికమక మళ్లీ రాలేదు. ఇంకొకటి కూడా అక్కడే తెలిసింది. మేం జెండా పాట ధరను (ఆ రోజు మేలు సరుకుకు పలికిన అత్యధిక ధరను) పెద్ద అక్షరాల్లో పైన పెట్టాం. అది అందరి సరుకుకూ దక్కదు కాబట్టి, తమ సరుకులాంటిది ఎంతకు పోయిందన్నదే రైతులకు కావాలి.

పరీక్ష చేసేటప్పుడు ‘యాప్ బాగుందా?’ అని అడగకండి, మన దగ్గర మొహం మీద బాగాలేదని ఎవరూ అనరు. ‘నిన్న తేజ రకం మిర్చి ఎంత పలికిందో చూసి చెప్పండి’ అని పని అప్పగించి, మనసులో అనుకుంటున్నది పైకి అనమని చెప్పి, మీరు చేతులు కట్టుకుని కూర్చోండి. ఐదుగురితో చేస్తే దాదాపు 85 శాతం లోపాలు బయటపడతాయని యూఎక్స్ నిపుణుడు జాకబ్ నీల్సన్ 2000లో రాశారు. పదిహేను మంది దొరికితే ఒకేసారి వాడేయకుండా, ఐదుగురి చొప్పున మూడు విడతలు చేసి మధ్యలో దిద్దుకోమన్నది కూడా ఆయన సలహానే.

జవాబు 2 (కాజీపేట, ఫ్రంటెండ్):

తెలుగు తెరల గురించి మాత్రం చెబుతాను. ఇంగ్లీషుకు సరిపోయిన వరుసల ఎడాన్నే ఉంచితే పై వరుస వత్తులు కింది వరుస గుడులకు తగులుతాయి, కాబట్టి ఎడం పెంచండి. బటన్ మీద ‘సమర్పించు’ అని రాస్తే చదివినవారు ఆగిపోతారు, ‘పంపు’ చాలు. లేత బూడిద రంగు అక్షరాలు ఎండలో కనిపించవు. మామూలు అక్షరాలకు, నేపథ్యానికి మధ్య కనీసం 4.5:1 కాంట్రాస్ట్ (వెలుగు తేడా) ఉండాలని డబ్ల్యూసీఏజీ అనే వెబ్ మార్గదర్శకాలు చెబుతాయి. ఆండ్రాయిడ్‌లో బటన్ 48 డీపీకి (డీపీ అంటే తెర మీది కొలత), అంటే సుమారు 9 మిల్లీమీటర్లకు తగ్గకూడదు.

హనుమకొండ డెవలపర్:

ఆదివారం నాన్నగారితోనూ, మా వీధిలో మరో నలుగురు రైతులతోనూ చేశాను. మిర్చి రకం ఎంచుకునే చోట ఐదుగురిలో నలుగురు ఆగిపోయారు. అక్కడ ఉన్న చిన్న బాణం గుర్తును నొక్కాలని వారికి తోచనే లేదు. నాన్నగారు దాన్ని ‘ధర తగ్గింది’ అనే గుర్తు అనుకున్నారట!

జవాబు 1 (నర్సంపేట, ఇంటరాక్షన్ డిజైనర్):

ఎక్కడ నొక్కాలో తెలిపే ఇలాంటి ఆనవాలునే డిజైన్ పరిశోధకుడు డొనాల్డ్ నార్మన్ సిగ్నిఫయర్ అంటారు. ధరల తెర మీద కిందికి చూసే బాణం పెడితే ఎవరైనా మీ నాన్నగారిలాగే చదువుతారు. దాన్ని తీసేసి తేజ, వండర్ హాట్, చపాట అని రకాలను విడివిడి బటన్లుగా పరచి, ఈసారి మీ వీధి కాకుండా వేరే ఊరి రైతులు ఐదుగురితో చూడండి. కమీషన్ ఏజెంట్లు కూడా వాడాలనుకుంటే వారి పనులు వేరు కాబట్టి, వారికి విడిగా మరో విడత పెట్టుకోవాల్సి ఉంటుంది.