కోరంగి ఉప్పెన లెక్కలు వాతావరణ చరిత్రకు పనికివస్తాయా?

తాళ్ళరేవు పాఠకుడు: 1839 నవంబరు 25న కాకినాడ దగ్గరి కోరంగి రేవును ముంచిన ఉప్పెనలో మూడు లక్షల మంది పోయారని ఎక్కడ చూసినా రాస్తున్నారు. కోరంగి ఎంత పెద్ద రేవైనా, చుట్టుపక్కల లంకలన్నీ కలిపినా అంత జనం అక్కడ ఉన్నారంటే నాకు నమ్మకం కలగడం లేదు. ఇలాంటి లెక్కలున్న పాతకాలపు కాగితాలు పట్టుకుని తుఫానులు పెరిగాయనో తగ్గాయనో ఎలా చెబుతారు?

కాకినాడ రేవు: మృతుల సంఖ్యను పక్కన పెట్టండి, నేనూ నమ్మను. అంతమాత్రాన కాగితమంతా అబద్ధమా? ఓడల లాగ్ పుస్తకాల్లో ఏ గంటకు గాలి ఏ దిక్కునుంచి వీచిందో రాసేవారు. కలకత్తాలో తుఫానులను పరిశోధించిన హెన్రీ పిడింగ్టన్ వాటినే పోగుచేసి తుఫానుల దారులు గీశాడు. పడమరకు కదిలే తుఫాను మనకు దక్షిణంగా తీరం దాటితే గాలి ఈశాన్యం నుంచి తూర్పుకు, తర్వాత ఆగ్నేయానికి తిరుగుతుంది. సముద్రాన్ని ఊళ్ళ మీదికి తోసేది ఆ గాలే. 1996 నవంబరు 6న తుఫాను కాకినాడకు దక్షిణంగానే తీరం దాటింది. ఉత్తరంగా దాటితే గాలి వాయవ్యం, పడమరల మీదుగా తిరుగుతుంది. అంటే నాలుగు దిక్కుల పేర్లు, వాటి పక్కన వేళలు దొరికితే చాలు, తుఫాను కన్ను ఎటు పోయిందో నేడు కూడా చెప్పవచ్చు. శవాల లెక్కను పెంచి రాసినవారికి గాలి దిక్కు మార్చి రాయాల్సిన అవసరం ఏముంది?

తాళ్ళరేవు పాఠకుడు: ఒక్క తుఫాను వరకూ ఒప్పుకుంటాను. శతాబ్దాల లెక్క మాత్రం కుదరదు. ఓడ ఉన్నచోటే కాగితం పుట్టింది. భారత వాతావరణ శాఖ 1875లో మొదలైంది, వాతావరణ ఉపగ్రహాలు 1960ల్లోనే వచ్చాయి. సముద్రం మధ్యలో పుట్టి అక్కడే చల్లారిన వాయుగుండాన్ని అంతకుముందు చూసిందెవరు? తుఫానుల సంఖ్య గీసిన గ్రాఫు పైకి లేస్తే, పెరిగింది తుఫానులో, చూసే కళ్ళో తేలదు.

యానాం వాసి: చిన్నవాటిని వదిలేసి, తీరాన్ని ముంచిన పెద్ద ఉప్పెనలే లెక్కపెట్టండి. 1789 డిసెంబరులో మూడు కెరటాలు ఒకదాని వెనుక ఒకటి వచ్చి కోరంగిని ముంచాయి. అలాంటిది ఎవరి కంటా పడకుండా పోదు. పైగా ఈ కొద్దిపాటి చోటులోనే రెండు దొరతనాలు ఉండేవి: యానాంలో ఫ్రెంచివారు, పక్కనే ఇంజరంలో ఇంగ్లీషువారు. ఒకరి కాగితాన్ని ఇంకొకరి కాగితంతో సరిచూసుకునే వీలు ఎన్ని తీరాలకు ఉంది? శిస్తు మినహాయింపు కోసం రాసిన అర్జీల్లో నష్టం ఎప్పుడూ కాస్త ఎక్కువే ఉంటుంది, అది వేరే సంగతి. ఏ తేదీన ఏ పొలంలో ఉప్పునీరు నిలిచిందో వాటిలోనూ దొరకవచ్చు.

తాళ్ళరేవు పాఠకుడు: పెద్దవాటి వరకే అయితే సరే. కానీ అప్పుడు వందేళ్ళకు చేతి వేళ్ళకు సరిపడా తుఫానులే మిగులుతాయి. వాటితో వాతావరణం మారిందని ఎలా అంటారో మీరే చెప్పండి.