చెరువు సెన్సార్లకి లైనక్స్‌లో పేర్లు ఎలా పెట్టుకోవాలి? రేపు చెరువులు పెరిగితే?

చెరువు_గట్టు:
నమస్కారమండి. మాది భీమవరం దగ్గర ఉండి అనే ఊరి సైడు, రొయ్యల చెరువులు. ఒక్కో చెరువు నుంచి డీఓ (నీళ్లలో కరిగిన ఆక్సిజన్) సెన్సార్ వైరు షెడ్డు దాకా లాగి యూఎస్‌బీ కన్వర్టర్‌తో చిన్న లైనక్స్ బాక్సుకి కలిపామండి, తెల్లారగట్ల ఆక్సిజన్ పడిపోతే ఆ చెరువులో ఏరియేటర్లు వాటంతటవే ఆన్ అవ్వాలి. కానీ కరెంటు పోయి వచ్చాక ఒక్కోసారి కన్వర్టర్‌కి లైనక్స్ ఇచ్చే పేరు టీటీవైయూఎస్‌బీ0 కాస్తా టీటీవైయూఎస్‌బీ1 అయిపోతోంది, ఇక్కడ ఆక్సిజన్ పడితే పక్క చెరువులో ఏరియేటర్లు తిరుగుతున్నాయి, పంటంతా పోయే పని ఇది. పైగా ఇంకొన్ని చెరువులు లీజుకి తీసుకుంటున్నాం. మళ్లీ అంతా తిరగరాయకుండా పేర్లు ఎలా పెట్టమంటారు?

గోస్తనీ_కాలవ:
ఆ నంబరు సెన్సార్‌ది కాదండి, కెర్నెల్‌కి (లైనక్స్ అసలు గుండెకాయకి) ఏది ముందు కనబడితే దానికి 0, తర్వాతదానికి 1, అంతే. డివైస్‌లన్నీ కనబడే డెవ్ ఫోల్డర్ లోపల సీరియల్ అనే డైరెక్టరీలో బై-ఐడీ, బై-పాత్ అని రెండుంటాయి చూడండి. మొదటిది కన్వర్టర్ సీరియల్ నంబర్ని బట్టి, రెండోది ఏ పోర్టులో గుచ్చారన్నదాన్ని బట్టి. చవగ్గా దొరికే సీహెచ్340 చిప్ కన్వర్టర్లకి చాలామటుకు సీరియల్ నంబరుండదు, రెండు పెట్టినా బై-ఐడీలో ఒకటే కనబడుతుంది. మీవి అవే అయితే బై-పాత్ చూసి యూడెవ్ రూల్ (ఏ డివైస్‌కి ఏ పేరు పెట్టాలో లైనక్స్‌కి చెప్పే లైను) రాసుకోండి.

కోనసీమ_కుర్రోడు:
రూల్ సరే, అసలు పేరులో ఏం పెడుతున్నారో అది ముఖ్యం. లీజుదారు పేరో, చెరువు వరసో పెట్టారంటే వచ్చే ఏడాదికే అది అబద్ధం అయిపోద్ది. లైనక్స్ వాళ్లకే ఇది తగిలింది కదా, ప్రతి డివైస్‌కి లోపల మేజర్ (ఏ డ్రైవర్‌ది), మైనర్ (అందులో ఎన్నోది) అని రెండు నంబర్లుంటాయి, మొదట్లో మేజర్‌కి 8 బిట్లు, మైనర్‌కి 8 బిట్లు, ఒక్కో స్కజీ రకం డిస్కుకి 16 మైనర్లు కేటాయించేసరికి ఒక మేజర్‌లో 16 డిస్కులే పట్టేవి, పెద్ద సర్వర్లు వచ్చాక చాలక 2003లో 2.6 కెర్నెల్‌కి 12, 20 బిట్లు చేశారు. డిస్కు పేర్లయితే ఎస్‌డీఏ, ఎస్‌డీబీ అని వెళ్లి ఎస్‌డీజెడ్ తర్వాత ఎస్‌డీఏఏ, అక్షరాల వరసలో పెడితే అదొచ్చి ఎస్‌డీబీ కంటే ముందు కూర్చుంటుంది. ఎన్‌వీఎమ్‌ఈ రకం ఎస్‌ఎస్‌డీల వాళ్లు నయం, పేరులో కంట్రోలర్, నేమ్‌స్పేస్, పార్టిషన్ అని ఒక్కో అంచె, దేని నంబరు దానికే, మన సర్వే నంబరు 145లో 2ఏ అన్నట్టు ఎంత చీల్చినా పాతది కదలదు. మీరు సెన్సార్‌కి ఏ అర్థం లేని నంబరు ఇవ్వండి, 001 నుంచి మొదలెట్టి. ఏ చెరువులో ఉందన్నది వేరే టేబుల్లో రాసుకోండి, సెన్సార్ మార్చితే ఆ ఒక్క లైను మారుతుంది.

తణుకు_నెట్‌వర్క్:
బై-పాత్ మీద మరీ నమ్మకం వద్దండి. నెట్‌వర్క్ కార్డుల పేర్లు ఎథ్0, ఎథ్1 ఇలాగే తారుమారవుతున్నాయని 2013లో సిస్టమ్‌డీ (లైనక్స్ సర్వీసులు నడిపే ప్రోగ్రామ్) 197 వెర్షన్‌తో స్లాటుని బట్టి పేర్లు తెచ్చారు, మంచిదే, కానీ ఇంకో కార్డు గుచ్చితే ఈఎన్‌పీ3ఎస్0 కాస్తా ఈఎన్‌పీ4ఎస్0 అయిన మెషిన్లున్నాయి. షెడ్డు తుడిచేవాళ్లు కన్వర్టర్ పీకి వేరే పోర్టులో గుచ్చితే మీ పరిస్థితీ అంతే. సెన్సార్లు ఆర్‌ఎస్485 వైరు మీద మోడ్‌బస్ భాష మాట్లాడేవి అయితే అన్నీ ఒకే వైరు మీద వేయండి, అడ్రస్ సెన్సార్ లోపలే ఉంటుంది, 1 నుంచి 247 దాకా ఇవ్వొచ్చు. కొత్తవన్నీ మామూలుగా ఒకే అడ్రస్‌తో వస్తాయి కాబట్టి లైన్లో కలిపే ముందే ఒక్కోటీ విడిగా మార్చుకోవాలి.

చెరువు_గట్టు:
మావి మోడ్‌బస్‌వేనండి! అడ్రస్‌లు మార్చి, అదే నంబరు సెన్సార్ మీద పెయింటుతో కూడా రాయిస్తాను. దూరంగా ఉన్న చెరువులకి వైరు ఎంత పొడుగు లాగొచ్చో కూడా చెప్పండి.

తణుకు_నెట్‌వర్క్:
సెకనుకి 9600 బిట్ల స్పీడులో పెడితే 1200 మీటర్ల దాకా లాగొచ్చండి, ట్విస్టెడ్ పెయిర్ వైరు వాడి రెండు చివర్లా 120 ఓమ్‌ల రెసిస్టర్ పెట్టండి.